నాకాగో మూసి చూడమన్నారు

మొదటి జపాన్ కత్తి టోక్యోలోని మా ఇంటికి వచ్చిన రాత్రి నేను కత్తి కన్నా దానితో వచ్చిన కార్డునే ఎక్కువసేపు చూశాను. జపాన్‌లో పాత కత్తి ఏది కొన్నా దాని వెంట ఒక రిజిస్ట్రేషన్ కార్డు ఉండాలి. తోరోకుషో అంటారు. నా కార్డులో ఇలా ఉంది: రకం వాకిజాషి (నడుముకు పెట్టుకునే పొట్టి కత్తి), పొడవు 46.2 సెంటీమీటర్లు, వంపు 0.8 సెంటీమీటర్లు, మేకు రంధ్రం ఒకటి, చెక్కిన పేరు ‘హిజెన్ నో కుని తదాయోషి’. కింద ఒక ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటిది) విద్యాబోర్డు ఎర్రముద్ర.

ప్రభుత్వ ముద్ర ఉంది, తదాయోషి అని రాసి ఉంది. ఇంకేం కావాలి అనుకున్నాను. తదాయోషి అంటే మామూలు పేరు కాదు. క్యూషూ దీవిలో హిజెన్ అనే సీమ, ఇప్పటి సాగా. అక్కడి నబేషిమా ప్రభువుల ఆస్థానంలో పనిచేసిన వంశం అది. మొదటి తదాయోషి క్యోటోకు వెళ్ళి ఉమెతదా మ్యోజు దగ్గర పని నేర్చుకుని వచ్చాడు. ఆయన పేరుతోనే ఆ తరువాతి తరాలూ కత్తులు చేశాయి. ఆన్‌లైన్ వేలంలో ఆ పేరులోని ఐదు జపాన్ అక్షరాలు చూసి 1,60,000 యెన్‌లు పెట్టాను. రెండు నెలలుగా దాచుకున్న డబ్బు. నిజమైన తదాయోషి ఆ ధరకు ఎందుకు దొరుకుతుంది అని ఒక్కసారి కూడా నన్ను నేను అడగలేదు.

ఆ కార్డు గురించి ముందుగా చెప్పాలి. ఇక్కడ కొత్తగా కొనేవాళ్ళలో చాలామంది నాలాగే అక్కడే పొరపాటు పడతారు. జపాన్‌లో ఆయుధాల చట్టం 1958 నాటిది. ఆ చట్టం ప్రకారం సంప్రదాయ పద్ధతిలో చేసిన, కళావస్తువుగా విలువున్న కత్తిని రిజిస్టర్ చేసి ఎవరైనా ఉంచుకోవచ్చు, విదేశీయులు కూడా. రిజిస్ట్రేషన్ కత్తికే గానీ మనిషికి కాదు. కత్తిని కళావస్తువుగా చూస్తారు కాబట్టి ఆ పని పోలీసులు కాకుండా విద్యాబోర్డు చూస్తుంది. కార్డులో ఉండే పేరు నాకాగో మీద చెక్కి ఉన్నదాన్ని ఉన్నట్టుగా దింపుకున్నది. నాకాగో అంటే పిడి లోపలికి వెళ్ళే తోక భాగం. అక్కడ చెక్కిన సంతకాన్ని మేయ్ అంటారు. ఆ సంతకం అసలుదా, దొంగదా అన్నది ఆ కార్డు చెప్పదు. చెప్పడం దాని పనీ కాదు. ఈ సంగతి నాకు తెలిసేసరికి ఎనిమిది నెలలు పట్టింది.

కాగితాల పని మాత్రం తేలిక. కత్తి చేతికి వచ్చిన 20 రోజుల్లోగా, కార్డు ఇచ్చిన ప్రిఫెక్చర్ విద్యాబోర్డుకి యజమాని మారాడని తెలియజేయాలి. మనం ఉండే ప్రిఫెక్చర్‌కి కాదు. ఫారం నింపి పోస్టులో వేశాను, అంతే. అంతకన్నా ఇంట్లో ఒప్పించడమే కష్టమైంది. అప్పటికి మా పాపకు మూడేళ్ళు. “కత్తి ఎక్కడ పెడతావు? ముందు అది చెప్పు, తరువాత మిగతావి మాట్లాడదాం” అంది మా ఆవిడ. ఆవిడ అడిగింది న్యాయమే. తాళం ఉన్న ఇనుప బీరువా కొని, దాన్ని గోడకు మరలతో బిగించి, తాళంచెవి నా ఆఫీసు బ్యాగులో పెట్టుకున్న తరువాతే కత్తి పెట్టె విప్పాను. ఇంట్లో పిల్లలుంటే ఈ పని కత్తి రాకముందే చేసి పెట్టుకోండి.

జూన్‌లో రెండో పాఠం. టోక్యోలో అది వానల కాలం, గోడలు కూడా చెమర్చినట్టు ఉంటాయి. ఒకరోజు కత్తి తీసి చూస్తూ బొటనవేలు ఆనించాను. పదును మీద కాదు, పక్క చదునులో, ఒక్క క్షణం. మూడు వారాల తరువాత తీస్తే సరిగ్గా అక్కడ గోధుమరంగు మచ్చ. వేలి గీతలతో సహా అచ్చు పడింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఎవరి చేతుల్లోనో మూడున్నర వందల ఏళ్ళు శుభ్రంగా ఉన్న ఉక్కు మీద నేను ఇచ్చింది అది. అప్పటి నుంచి పద్ధతి తప్పలేదు. మెత్తటి కాగితంతో పాత నూనె తుడవాలి. ఉచికో అనే సన్నటి సానరాతి పొడి ఉన్న గుడ్డ బంతిని కత్తి పొడవునా తేలిగ్గా తట్టి, ఆ పొడిని మరో కాగితంతో తుడిచేయాలి. కత్తిని బాగా చూడగలిగేది అప్పుడే. చూశాక చోజి నూనెను కంటికి కనబడనంత పలచగా రాసి ఒరలో పెట్టాలి. ఒర అన్నానని నగిషీ ఒర అనుకోకండి. ఇంట్లో ఉంచే కత్తికి షిరాసాయా అని తెల్లచెక్క ఒర ఉంటుంది. కత్తి నిద్రపోయే బట్టలు అనుకోవచ్చు.

నాకాగోని మాత్రం ఎప్పుడూ శుభ్రం చేయకూడదు. మా అమ్మ ఇత్తడి చెంబును చింతపండుతో తోమి తళతళలాడిస్తుంది. ఆ చేత్తో నాకాగోని తోమితే కత్తి విలువ అక్కడికక్కడే పోతుంది. ఆ నల్లటి తుప్పే దాని వయసుకి సాక్ష్యం. వందల ఏళ్ళ తుప్పు నున్నగా, నల్లగా, లోతుగా ఉంటుంది. మందులు పూసి తెచ్చిన తుప్పు ఎర్రగా, పొడిపొడిగా ఉంటుంది. ఈ తేడా అప్పుడు పుస్తకంలో చదివాను గానీ, చూసి పట్టుకునే కన్ను నాకింకా లేదు.

ఆ కన్ను కోసమే ఒక అధ్యయన బృందంలో చేరాను. నెలకోసారి ఆదివారం మధ్యాహ్నం, ఒక కమ్యూనిటీ హాల్లో చాపల గది. పదిహేను మంది దాకా వస్తారు, ఎక్కువమంది అరవై దాటినవాళ్ళు. నేర్పేది రిటైరైన ఒక పెద్దాయన. అందరికీ సెన్సేయ్, అంటే గురువుగారు. నాకూ అంతే. మొదటి రోజు నాకు కత్తి చూడటం నేర్పలేదు, పట్టుకోవడం నేర్పారు. ముందు కత్తికి తల వంచాలి. పదును ఆకాశం వైపు ఉండేలా ఒర పట్టుకుని, వీపు మాత్రమే ఒరకు ఆనేలా మెల్లగా తీయాలి. కత్తి మీదుగా మాట్లాడకూడదు, నోటి తేమ పడుతుంది. ఇంకొకరికి అందించేటప్పుడు పదును మన వైపే ఉండాలి. గంటసేపు ఇదే. ఆ రోజు ఇంటికి వస్తుంటే నా బొటనవేలి మచ్చ గుర్తొచ్చి మనసు బరువెక్కింది.

తరువాత చూడటం. ఇందులో ఒక వరస ఉంది. మొదట ఆకారం, తరువాత ఉక్కు, తరువాత పదును రేఖ, ఆ తరువాత మొన. నాకాగో అన్నిటికన్నా చివర. ఆకారం కాలాన్ని చెబుతుంది. గుర్రం మీద యుద్ధం చేసిన రోజుల్లో పొడవుగా, బాగా వంపుగా. 1660ల నాటి కాన్‌బున్ కాలంలో వంపు తగ్గి దాదాపు తిన్నగా, మొన దగ్గరికి సన్నబడుతూ. నిలబెట్టి చేయి చాచి దూరం నుంచి చూస్తేనే అది తెలుస్తుంది. నేనేమో ఎప్పుడూ ముక్కు దగ్గర పెట్టుకునే చూసేవాడిని.

ఉక్కును చూడాలంటే దీపం కావాలి. ట్యూబులైటు పనికిరాదు, ఒక్క బల్బు ఉన్న దీపం. కత్తిని బల్బు కిందకు తెచ్చి అటూ ఇటూ పిసరంత వంచుతుంటే, ఒక కోణంలో చర్మం లేచినట్టు ఉక్కు లోపలి పొరలు కనబడతాయి. ఉక్కును ముద్దచేసి, సాగగొట్టి, మడిచి, మళ్ళీ సాగగొట్టిన గుర్తులవి. కొన్నింటిలో చెక్కలో చారల్లా తిన్నగా, కొన్నింటిలో చెట్టు బొడిపెల్లా సుడులుగా ఉంటాయి. హిజెన్ కత్తుల ఉక్కుకి ఒక పేరుంది, కొనుకా హాదా. కొనుకా అంటే సన్నటి తవుడు. ఆ పేరు విన్నప్పుడు నాకు చప్పున అర్థమైంది. రైసు మిల్లు దగ్గర జల్లెడ పట్టిన తవుడు గంపలో పోస్తే పైన ఎలా ఉంటుందో మాకు తెలుసు కదా. మెత్తగా, సమంగా, కొంచెం తేమతో. ఉక్కు అలా ఉండటమంటే ఏమిటో ఊహించుకున్నాను. ఊహే, చూడలేదు.

ఇక పదును రేఖ, హామోన్. ఇది గీసిన బొమ్మ కాదు. కమ్మరి అంచు వైపు మట్టి పలచగా, వీపు వైపు మందంగా పూసి, కత్తిని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచుతాడు. మట్టి పలచగా ఉన్నచోట ఉక్కు ఒక్కసారిగా చల్లారి గాజులా గట్టిపడుతుంది. మందంగా ఉన్నచోట నిదానంగా చల్లారి మెత్తగా, విరగకుండా ఉంటుంది. ఆ రెండిటి సరిహద్దే హామోన్. గట్టిపడ్డ అంచు కాస్త ఉబ్బడం వల్లే కత్తికి వంపు పెరుగుతుంది కూడా. సరిహద్దు మీద గట్టి ఉక్కు రేణువులు కంటికి విడివిడిగా కనబడితే నియే, పొగమంచులా కలిసిపోయి కనబడితే నియోయి. సెన్సేయ్ బిజెన్ సీమ కత్తి ఒకటి, సోషూ సీమ కత్తి ఒకటి పక్కపక్కన పెట్టి చూపించారు. బిజెన్‌లో తెల్లవారుజామున చెరువు మీద లేచే పొగమంచు. సోషూలో అమావాస్య రాత్రి ఆకాశం. ఆ పూట ఆ రెండు కత్తుల ముందు నుంచి లేవబుద్ధి కాలేదు.

బృందంలో చేరిన ఆరో నెలలో ధైర్యం చేసి నా వాకిజాషి తీసుకెళ్ళాను. బయటికి తీసుకెళ్ళాలంటే సంచిలో కట్టి, కార్డు వెంట ఉండాలి. సెన్సేయ్ తల వంచి, కత్తి తీసి, చేయి చాచి చూశారు. దీపం కింద చూశారు. పిడి విప్పి నాకాగో చూశారు, రెండు వైపులా. చాలాసేపు ఏమీ అనలేదు. నాకు టెన్షన్ మొదలైంది. ఆయన నాకాగోకి ఒక గుడ్డ చుట్టి కత్తిని తిరిగి నా చేతికే ఇచ్చారు.

“నాకాగో మూసి చూడండి. ఇప్పుడు ఇది ఎవరిదంటారు?”

చూశాను. ఎనిమిది నెలల్లో మొదటిసారి దాని పేరు మరిచిపోయి దాన్ని చూశాను. వంపు తక్కువ, మొన దగ్గరికి సన్నబడింది. కాన్‌బున్ కాలపు ఆకారం. అంతవరకు సరే. ఉక్కు తవుడులా లేదు. బొడిపెలు పెద్దవిగా, అక్కడక్కడా విడిపోయినట్టు ఉన్నాయి. వీపు వైపు చదునులో చెక్క చారల్లాంటి తిన్నని గీతలు. హామోన్ తిన్నగా ఉంది, హిజెన్ వాళ్ళదీ తిన్ననే. కానీ మొనలోకి వెళ్ళాక అది హిజెన్‌లోలా అంచుకు సమాంతరంగా గుండ్రంగా తిరగలేదు. మెడ దగ్గర నొక్కినట్టు సన్నబడి, పైన తలకాయలా ఉబ్బింది. దాన్ని జిజో అంటారు. పక్క నుంచి చూస్తే జిజో అనే బోధిసత్వుడి విగ్రహం తలలా ఉంటుంది కాబట్టి ఆ పేరు.

“మినో” అన్నాను.

ఆయన తల ఊపారు. మినో అంటే ఇప్పటి గిఫు, సెకి ఊరు ఉన్న సీమ. అక్కడి కమ్మరులు 17వ శతాబ్దంలో నానా ఊళ్ళకూ వలసపోయారు. వాళ్ళలో ఎవరో ఒకరు చేసిన మంచి, గట్టి, మామూలు కత్తి ఇది. తరువాత ఎవరో దానికి తదాయోషి పేరు చెక్కారు. అప్పుడు గుడ్డ తీసి భూతద్దం ఇచ్చారు. నాకాగో అంతా నల్లగా ఉంది. ఉలి గీతల అడుగున మాత్రం తుప్పు ఎర్రటి చాయలో, వేరే వయసులో ఉంది. గీతల అంచులు కూడా పదునుగా లేచి ఉన్నాయి. కత్తి చేసిన కమ్మరి పెట్టిన ఆకురాయి గీతలకు పడ్డ తుప్పు వాటికి పడలేదు. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకో సంగతి. అసలు తదాయోషి వంశం వాళ్ళకు ఒక అలవాటు ఉంది. కతానా, అంటే పొడవు కత్తి అయితే నడుముకు పెట్టుకున్నప్పుడు శరీరం వైపు వచ్చేలా, వాకిజాషి అయితే బయటి వైపు వచ్చేలా పేరు చెక్కుతారు. నా కత్తి మీద పేరు సరిగ్గా బయటి వైపే ఉంది. దొంగ సంతకం పెట్టినవాడికి ఆ సంగతీ తెలుసు.

దొంగ సంతకాన్ని గిమేయ్ అంటారు. ఇది నిన్న మొన్నటి మోసం కాదు. 17-19 శతాబ్దాల ఎడో కాలంలోనే కొతెత్సు, సుకెహిరో, తదాయోషి లాంటి పేర్లకు గిరాకీ ఉండేది, ఆ గిరాకీకి తగ్గట్టు ఉలి పట్టేవాళ్ళూ ఉండేవాళ్ళు. కొతెత్సు అని రాసి ఉంటే ముందు దొంగదనే అనుకో అని ఇప్పటికీ కొత్తవాళ్ళకు చెబుతారు.

అయినా నా మనసు ఒప్పుకోలేదు. షిన్సాకు పంపాను. జపాన్ కళాఖడ్గాల పరిరక్షణకు 1948లో ఏర్పడిన సంఘం ఒకటి ఉంది, పొడి అక్షరాల్లో ఎన్‌బీటీహెచ్‌కే. వాళ్ళ ఖడ్గ మ్యూజియం ఇప్పుడు ర్యోగోకులో, సుమో స్టేడియానికి దగ్గర్లో ఉంది. 2018కి ముందు యోయోగిలో ఉండేది. నిపుణులు కత్తిని చూసి తీర్పు ఇవ్వడాన్ని షిన్సా అంటారు. ఒప్పుకుంటే పత్రం ఇస్తారు: హోజోన్, దాని పైన తోకుబెత్సు హోజోన్, ఆ పైన జూయో, అన్నిటికీ పైన తోకుబెత్సు జూయో. సంతకం దొంగదైతే ఏ పత్రమూ లేదు. కత్తి ఎంత బాగున్నా అంతే. నేనే స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చాను. ఫలితం కోసం వారాల తరబడి ఎదురుచూశాను. వచ్చిన కాగితం మీద ఉన్నది సెన్సేయ్ చెప్పిందే.

ఇక్కడ ఒక ప్రశ్న వచ్చింది, దాని గురించి మా బృందంలోనే రెండు అభిప్రాయాలు ఉన్నాయి. దొంగ సంతకాన్ని అరగదీయించి, సంతకం లేని కత్తిగా మళ్ళీ షిన్సాకు పంపొచ్చు. చాలామంది పంపుతారు. అబద్ధం పోతుంది, కత్తి మిగులుతుంది అన్నది వాళ్ళ మాట. నేను ఒప్పుకోలేకపోయాను. నాకాగో మీద ఒకసారి ఆకురాయి పడితే తిరిగి రాదు. ఆ దొంగ సంతకం కూడా ఇప్పుడు దాని చరిత్రలో భాగమే. పైగా కార్డులో ఉన్న పేరు కత్తి మీద లేకపోతే అదో చిక్కు. అలాగే ఉంచాను. అమ్మాల్సి వస్తే గిమేయ్ అని చెప్పే అమ్ముతాను.

రెండో కత్తి కొనడానికి ఏడాదిన్నర ఆగాను. ఆ ఏడాదిన్నర నిజానికి చూడటంలోనే గడిచింది. ఉఎనోలో టోక్యో నేషనల్ మ్యూజియంలో ఖడ్గాల గదికి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. గాజు ముందు మోకాళ్ళు వంచి, తల పైకీ కిందకీ కదుపుతుంటే లైటు సరైన కోణంలో పడ్డ క్షణంలో హామోన్ వెలుగుతుంది. నిటారుగా నిలబడి చూసినవాళ్ళకు అక్కడ మెరిసే ఇనుము తప్ప ఏమీ కనబడదు. ఒకయామా ప్రిఫెక్చర్‌లోని ఒసాఫునెకీ వెళ్ళాను, పాత బిజెన్ కమ్మరుల ఊరు. ఇప్పుడు సెతోఉచి అనే చిన్న పట్టణంలో భాగం. ఆ పట్టణం 2020లో విరాళాలు పోగుచేసి 50 కోట్ల యెన్‌లకు ఒక కత్తిని కొన్నది. యమతోరిగె, అంటే కొండపక్షి ఈక. జాతీయ నిధి. 16వ శతాబ్దపు యుద్ధప్రభువు ఉఎసుగి కెన్‌షిన్ దగ్గర ఉన్న కత్తి. ప్రత్యేక ప్రదర్శనలో దాని ముందు నిలబడ్డాను. హామోన్ ఎగిసిపడే మంటలా ఉంది. ఈక అన్న పేరు ఎందుకు పెట్టారో చూస్తే తెలుస్తుంది. దాని నాకాగో మీద సంతకం లేదు. బిజెన్‌లోని ఫుకుఒకా ఇచిమోంజి అనే కమ్మరుల బృందం పని అని ఉక్కును, హామోన్‌ను చూసి చెబుతారు. ఐదు అక్షరాలు చూసి డబ్బు కట్టినవాడిని, చాలాసేపు అక్కడి నుంచి కదల్లేకపోయాను.

దుకాణాల్లో చూడటం మరో రకం. అక్కడ నేర్చుకున్నది లోపాల సంగతి. ఒక చిన్న దుకాణంలో తక్కువ ధరకు మంచి కతానా ఒకటి కనబడింది. ఆకారం బాగుంది, ఉక్కు బాగుంది. అమ్మే ఆయనే దీపం దగ్గరికి పిలిచి, పదును మీద ఒకచోట వేలు చూపించాడు. వెంట్రుకలో సగం కూడా లేని గీత, పదునుకు అడ్డంగా. హాగిరె. పదునులో చీలిక. మడతల దగ్గర విడిపోయిన చోట్లు, పొక్కులు ఉన్నా సర్దుకోవచ్చు, ధర తగ్గించుకుని తీసుకోవచ్చు. హాగిరె ఉంటే మాత్రం కత్తిగా దాని పని అయిపోయినట్టే. అది ఏ సానకీ పోదు. దాన్ని పట్టుకోవాలంటే పదునును బల్బుకు ఎదురుగా పెట్టి అంగుళం అంగుళం జరపాలి. ఆ దుకాణదారుడు చూపించకపోతే నేను చూసి ఉండేవాడిని కాదు.

అలిసిపోయిన కత్తులు ఇంకో రకం. సాన పట్టిన ప్రతిసారీ కొంత ఉక్కు పోతుంది. నాలుగైదు వందల ఏళ్ళలో ఎన్నో సానలు. పై ఉక్కు అరిగి లోపలి మెత్తటి గుండె ఇనుము మచ్చలుగా బయటపడుతుంది. పిడి దగ్గర పదును మొదలయ్యే మెట్టు దాదాపు మాయమవుతుంది. అలాంటి కత్తి చౌకగా వస్తుంది. సాన పట్టిస్తే బాగవుతుంది అని ఆశపడకూడదు. సాన ఖర్చును సున్ లెక్కన తీసుకుంటారు, సున్ అంటే 3.03 సెంటీమీటర్లు. మంచి పనివాడు వరసగా ఎన్నో రకాల రాళ్ళు మార్చి, చివర్లో గోరంత రాతి పలకలను బొటనవేలి కింద పెట్టి రుద్దుతాడు. వారాల పని. నా వాకిజాషి పదిహేను సున్‌లు ఉంటుంది. అడిగితే చెప్పిన సాన ఖర్చు నేను దాన్ని కొన్న ధరను దాటింది.

చివరికి శింబషిలోని టోక్యో బిజుత్సు క్లబ్‌లో ఏటా జరిగే దాయ్ తోకెన్ ఇచి అనే ఖడ్గాల సంతలో దొరికింది. ఎటు చూసినా బల్లలు, వందల కత్తులు. అడిగితే చేతికి ఇస్తారు. రెండో రోజు మధ్యాహ్నం ఒక బల్ల దగ్గర సంతకం లేని వాకిజాషి. ఒకప్పుడు పొడవుగా ఉండి, తరువాత తోక వైపు కోసి పొట్టి చేసినది. పత్రం ఉంది, కానీ ఈసారి అడగలేదు. ముందు కత్తి చూశాను. ఉక్కు నల్లగా ఉంది, బొడిపెల మధ్య తిన్నటి చారలు కలిసిపోయి ఉన్నాయి. హామోన్ మీద నియే రేణువులు. యమాతో (ఇప్పటి నారా) పద్ధతి పోకడ, అయినా మొరటుగా ఉంది. ఉత్తరాది ఉక్కులా నలుపు. ఎచ్చూ సీమ (ఇప్పటి తోయామా) ఉదా కమ్మరులు అనుకున్నాను, 14-16 శతాబ్దాల మురోమాచి కాలం. పత్రం తీసి చూపించారు: హోజోన్, ఉదా. చేతులు కొంచెం వణికాయి. పదును మొత్తం బల్బు కింద జరిపి చూసి, 3,40,000 యెన్‌లకు తీసుకున్నాను.

ఆ వారం వీడియో కాల్‌లో నాన్నకు చూపించాను. “పేరేదీ లేదంటున్నావు, మరి అంత డబ్బెందుకురా?” అన్నారు. ఫోను కెమెరాలో ఉక్కు కనబడదు, ఎలా చెప్పాలో తెలియలేదు. “ఇంటికి తెస్తావా?” అని అడిగారు. జపాన్ నుంచి పంపాలంటే కార్డు వెనక్కిచ్చి, సాంస్కృతిక వ్యవహారాల సంస్థ అనుమతి తీసుకోవాలి. అది దొరుకుతుంది. కానీ మన దగ్గర తొమ్మిది అంగుళాలు దాటిన కత్తి ఆయుధాల నిబంధనల్లోకి వస్తుంది, లైసెన్సు, కస్టమ్స్ అన్నీ ఉంటాయి. అన్నిటికీ మించి ఈ నూనె, ఈ కాగితం, సాన పట్టే చేతులు ఇక్కడే ఉన్నాయి. తేనన్నాను. ఆయనే వచ్చి చూస్తానన్నారు.

నాన్నకు ఆసక్తి కలిగింది ఇంకో మాట వల్ల. మాది నిజామాబాద్ జిల్లా. కోనసముద్రం మాకు దూరం కాదు. ఒకప్పుడు అక్కడ మట్టి మూసల్లో ఉక్కు తయారుచేసేవాళ్ళు, పర్షియా వ్యాపారులు వచ్చి కొనుక్కుపోయేవాళ్ళు. 17వ శతాబ్దం మొదట్లో జపాన్‌ను ఏలిన షోగన్ తొకుగవా ఇయెయాసు దగ్గర పనిచేసిన యసుత్సుగు అనే కమ్మరి తన కత్తుల నాకాగోల మీద ‘నంబన్ ఇనుముతో’ అని చెక్కేవాడు. నంబన్ అంటే ఓడల మీద వచ్చిన పరదేశాలది. అదే కాలంలో డచ్చివాళ్ళు మన కోస్తా రేవుల నుంచి ఇనుము, ఉక్కు ఎగుమతి చేసేవాళ్ళు. యసుత్సుగు ఇనుము మన దగ్గర నుంచే వెళ్ళిందని నేను అనను, అలా అనడానికి నా చేతిలో ఏమీ లేదు. కానీ మ్యూజియంలో ఆ అక్షరాలు చదివినప్పుడు మా ఊరి పక్క నల్లటి చిట్టెపు రాళ్ళ దిబ్బలు కళ్ళ ముందుకొచ్చాయి. నాన్నకు ఇది చెబితే చాలాసేపు మాట్లాడారు.

మా బృందంలో ప్రతి నెలా చివర్లో కాన్‌తెయ్ ఉంటుంది. ఐదు కత్తులు, నాకాగోలకు గుడ్డ చుట్టి ఉంటాయి. చూసి, చేసినవాడి పేరు చీటీ మీద రాసి ఇవ్వాలి. సరిగ్గా పేరు తగిలితే ‘అతారి’. తండ్రో కొడుకో, దాదాపు అదే అనదగ్గవాళ్ళయితే ‘దోజెన్’. పూర్తిగా తప్పితే ‘ఇయా’. మొదటి ఏడాది నా చీటీలన్నీ ఇయాలే.

పోయిన శీతాకాలం నాలుగో కత్తిగా ఒక కతానా పెట్టారు. చేయి చాచి చూశాను, కాన్‌బున్ కాలం. హామోన్ తిన్నగా, దాని మీద నియే ఒక సన్నని తెల్ల పట్టీలా. మొనలో గుండ్రంగా, అంచుకు సమాంతరంగా తిరిగింది. ఇక ఉక్కు చూద్దామని దీపం కిందకు వంచాను.

తవుడు. గంపలో పోసిన సన్న తవుడు, ఎక్కడా ఒక బొడిపె లేదు, ఒక గీత లేదు. చివరి వరకు ఒకే మెత్తదనం, లోపల నుంచి తేమ ఊరుతున్నట్టు. రెండేళ్ళుగా చదివిన మాట, వందసార్లు పలికిన మాట, ఇప్పుడు నా చేతిలో ఉంది. నా వెనక ఇద్దరు వరసలో నిలబడి ఉన్నారని తెలిసి కూడా దించలేకపోయాను.

చీటీ మీద ‘ఓమి దాయ్‌జో తదాహిరో’ అని రాశాను, రెండో తరం. సెన్సేయ్ చీటీ వెనక్కిచ్చారు. దోజెన్. గుడ్డ విప్పారు. ముత్సు నో కామి తదాయోషి, మూడో తరం, తదాహిరో కొడుకు. కతానా కాబట్టి పేరు శరీరం వైపు చదునులోనే ఉంది. ఉలి గీతలు లావుగా, లోతుగా ఉన్నాయి. గీతల అడుగునా, చుట్టూ ఉన్న ఇనుము మీదా ఒకటే నలుపు.

ఇంటికి వచ్చి బీరువా తీసి మొదటి వాకిజాషి బయట పెట్టాను. నూనె మార్చి, వేలిముద్ర మచ్చ ఉన్నచోట కాసేపు చూసి, తిరిగి సంచిలో పెట్టాను. దోజెన్ చీటీ కూడా అదే సంచిలో ఉంది.